బజారు వీధిలోని ఎర్ర హైడ్రంటు ఎవరిది, అది నీళ్లిస్తుందో లేదో తెలిసేదెలా?

అమ్మా, మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మీ పట్టణం జనాభా లక్ష అటూ ఇటూ. మీ బట్టల దుకాణానికి నాలుగు అడుగుల దూరంలో ఎర్ర రంగు వేసిన హైడ్రంటు, అంటే ఫైర్ ఇంజను గొట్టం తగిలించి నీళ్లు పట్టుకునే వీధి పైపు నోరు, ఉంది. ఎదురు వరుసలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు తగలబడిన రాత్రి ఫైర్ ఇంజను వచ్చింది గాని, ఆ హైడ్రంటు జోలికి ఎవరూ పోలేదు. బండిలో నీళ్లు అయిపోతే ఊరి బయటకు వెళ్లి నింపుకొని వచ్చారు. మరునాడు మీరు ఒక కార్యాలయంలో అడిగితే రెండో కార్యాలయానిది అన్నారు, అక్కడికి వెళ్తే మొదటి కార్యాలయానిదే అన్నారు. అది ఎవరిది, పనిచేస్తుందా, పనిచేయకపోతే బాగుచేయించే దారి ఏమిటి?

నేను అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్‌గా చేరి, స్టేషన్ ఆఫీసరుగా విరమించాను. ముప్పై రెండేళ్ల ఉద్యోగం దాదాపు అంతా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే గడిచింది. మీరు అడిగిన ప్రశ్న నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను వేధించినదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎవరిది అన్న దానితో మొదలుపెడదాం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. నీటి సరఫరా అందులో ఐదోది, అగ్నిమాపక సేవలు ఏడోది. చదివితే రెండూ ఒకే ఇంటి పనుల్లా కనిపిస్తాయి. మన రాష్ట్రంలో మాత్రం అగ్నిమాపక సేవ రాష్ట్ర ప్రభుత్వ శాఖగా, 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద నడుస్తోంది. ట్యాంకులు, పైపులు, వాల్వులు పురపాలక సంఘం నీటి సరఫరా విభాగం చేతిలో ఉంటాయి. హైడ్రంటు ఆ పైపుకు మొలిచిన కొమ్మ. దానిలోకి నీళ్లు వదిలేదీ, మరమ్మతు చేయాల్సిందీ నీటి విభాగమే. దాన్ని వాడేది అగ్నిమాపక సిబ్బంది. వాడేవాళ్ల దగ్గర వాల్వు తాళంచెవి ఉండదు. తాళంచెవి ఉన్నవాళ్లకు మంట దగ్గర పని ఉండదు. మీకు రెండు చోట్లా ఒకే రకం జవాబు రావడానికి కారణం ఇదే. ఇద్దరిలో ఎవరూ మీతో అబద్ధం చెప్పాలనుకోలేదని నేను నమ్ముతాను. ఆ హైడ్రంటు బాధ్యత వాళ్లలో ఎవరి పనుల జాబితాలోనూ రాసి లేకపోవడమే అసలు జబ్బు.

ఇక ఆ రాత్రి మావాళ్లు దాని జోలికి ఎందుకు పోలేదు? ఎప్పుడు తెరిచారో తెలియని హైడ్రంటు మీద, మంట ఎదుట నిలబడి, ఏ స్టేషన్ ఆఫీసరూ పందెం కాయడు. లెక్క చూడండి. మన స్టేషన్లలో ఉండే వాటర్ టెండరులో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైర్ ఇంజనులో, సాధారణంగా 4500 లీటర్ల నీళ్లు పడతాయి. గొట్టం చివర చేత్తో పట్టుకునే, 20 మిల్లీమీటర్ల ముక్కు ఉన్న బ్రాంచి పైపును మూడున్నర బార్ల ఒత్తిడితో నడిపితే నిమిషానికి సుమారు 500 లీటర్లు పోతాయి. అంటే ఒక్క గొట్టంతో కొడితే తొమ్మిది నిమిషాలు, రెండు గొట్టాలు పెడితే నాలుగున్నర నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఒకరిని పంపి, తుప్పు పట్టిన మూతతో కుస్తీ పట్టించి, చివరికి చుక్క రాకపోతే ఆ మనిషీ, ఆ సమయమూ రెండూ పోయినట్టే. నీళ్లు ఖాయంగా ఉన్న చోటికి బండిని తోలడం నయమనిపిస్తుంది. నేను కూడా అదే చేశాను, చాలాసార్లు.

ఒక్కసారి మాత్రం హైడ్రంటును నమ్మాను. ప్రకాశం జిల్లాలో ఒక పొగాకు గోదాము. పొగాకు బేళ్లు అంటుకుంటే పైన మంట ఆరినట్టే ఉంటుంది, లోపల నిప్పు గంటల తరబడి కుములుతూ పోతుంది. ప్రతి బేలునూ లాగి, విప్పి, తడపాలి. అందుకే అక్కడ కావలసింది పెద్ద ధార కన్నా తెగని నీరు. గోదాముకు రెండు వందల గజాల దూరంలో చక్కని హైడ్రంటు ఉంది. మూత సులువుగా వచ్చింది, వాల్వును తిప్పే కడ్డీ, స్పిండిల్, మెత్తగా తిరిగింది, గొట్టం తగిలించాం. బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత పిడికెడు తుప్పు, అంతే. మూడు కిలోమీటర్ల దూరంలోని రైస్ మిల్లు బోరు నుంచి తెల్లవార్లూ నీళ్లు మోశాం. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ సగం సరుకు పోయింది, పైకప్పు రేకులు వంగిపోయాయి. వారం తర్వాత నేను, నీటి విభాగం ఫిట్టరు కలిసి ఆ లైను వెంట నడిచాం. హైడ్రంటులో ఏ లోపమూ లేదు. రెండు వీధుల అవతల ఎప్పుడో లీకు మరమ్మతు కోసం మూసిన సెక్షన్ వాల్వును, అంటే లైనులో ఆ భాగానికి నీళ్లు ఆపే వాల్వును, తిరిగి తెరవలేదు. ఆ వీధిలో ఇళ్లకు వేరే లైను నుంచి నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఫిర్యాదు చేసినవాళ్లు లేరు. ఆ వాల్వు ఎన్నేళ్లుగా మూసి ఉందో చెప్పగలిగిన ఒకే ఒక్క వాల్వ్‌మన్ అప్పటికే పదవీ విరమణ చేశాడు.

ఆ రోజు నుంచి నా మనసులో ఒక మాట స్థిరపడింది. హైడ్రంటు అంటే చివరిసారి తెరిచిన తేదీ, ఆ రోజు వచ్చిన నీటి కొలత. ఈ రెండూ రాసి లేకపోతే వీధిలో ఉన్నది ఇనుప ముక్క. మీరు ఎవరిని ఏమి అడిగినా ఈ రెండింటి దగ్గరికే తీసుకురండి.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహ తొలగించాలి. హైడ్రంటుకు గొట్టం తగిలిస్తే నేరుగా మంట మీదికి ధార కొట్టవచ్చని అనుకుంటారు. పెద్ద భవనాల ఆవరణల్లో సొంత పంపులతో నడిచే హైడ్రంట్లకు అది సాధ్యమే. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం అక్కడ చివరి వాల్వు దగ్గర కూడా మూడున్నర బార్ల ఒత్తిడి ఉండాలి. వీధి పైపు సంగతి వేరు. 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మార్గదర్శిక ఒకే అంతస్తు ఇళ్లున్న చోట కనీసం 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల ఒత్తిడి ఉండాలంది. పది మీటర్ల నీటి మట్టం దాదాపు ఒక బారు. అంటే అన్నీ సక్రమంగా ఉన్నా వీధి లైనులో ఒకటి, ఒకటిన్నర బార్లకు మించి ఆశించలేం. దానితో మంటను కొట్టలేం. బండి ట్యాంకును నింపగలం, మిగతా పని బండి పంపు చూసుకుంటుంది. కాబట్టి మీ హైడ్రంటు నుంచి కోరవలసింది ఒత్తిడి కన్నా పరిమాణం. నిమిషానికి 500 లీటర్లు ఇస్తే తొమ్మిది నిమిషాల్లో బండి నిండుతుంది. 200 లీటర్లు ఇస్తే ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అదైనా ఊరి బయటకు పోయి రావడం కన్నా మేలు కావచ్చు. ఇంటి కుళాయిలా నిమిషానికి ఇరవై లీటర్లు ఇస్తే మూడు ముప్పావు గంటలు, అంటే లేనట్టే.

అమెరికా పట్టణాల్లో ఈ పరిమాణాన్ని హైడ్రంటు తల మీదే చూపిస్తారు. వాళ్ల జాతీయ అగ్ని రక్షణ సంఘం సిఫారసు ప్రకారం నిమిషానికి 1500 గ్యాలన్లు, ఆపైన ఇచ్చేదానికి లేత నీలం, 1000 నుంచి 1499 వరకు ఆకుపచ్చ, 500 నుంచి 999 వరకు నారింజ, 500 కన్నా తక్కువైతే ఎరుపు. వాళ్ల 500 గ్యాలన్లు మన లెక్కలో సుమారు 1900 లీటర్లు. ఇరవై నాలుగు గంటలూ నిండుగా ఉండే పైపులతో మన పైపులను పోల్చి బాధపడడం వృథా. కానీ దూరం నుంచి చూడగానే ఎంత నీరు వస్తుందో తెలియాలన్న ఆలోచన మనకూ పనికొస్తుంది. మనం అన్నిటికీ ఒకే ఎరుపు పూస్తాం. పైగా రంగు వేసేవాళ్లు మూత మరల మీద కూడా పూసేస్తారు, ఎండాక ఆ మూత రాదు. కొత్తగా మెరిసే హైడ్రంటును చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల అసలు చిక్కు పైపులో ఇరవై నాలుగు గంటలూ నీళ్లు ఉండకపోవడం. ఒంగోలు నాగార్జునసాగర్ కుడి కాలువ నీటితో నింపుకొనే వేసవి చెరువుల మీద ఆధారపడ్డ ఊరు. నెల్లూరుకు పెన్న పక్కనే ఉన్నా, అక్కడా వీధి లైన్లలో నీళ్లు వదిలే వేళలు ఉంటాయి. వదిలిన గంటో రెండు గంటలో తప్ప హైడ్రంటులో గాలి ఉంటుంది. మంట ఆ వేళ చూసుకొని రాదు. ఖాళీ పైపులోకి రోజూ గాలీ నీరూ మారుతూ పోతే తుప్పు, మట్టి మరింత వేగంగా చేరతాయి. ప్రకాశం జిల్లాలో బోరు నీళ్లు కలిసే చోట ఉప్పు పేరుకుని పైపు లోపలి వ్యాసమే తగ్గిపోతుంది.

అందుకే హైడ్రంటుతో పాటు ట్యాంకులను కూడా అడగాలి. పైన చెప్పిన 1999 నాటి మార్గదర్శికలో యాభై వేలకు పైబడిన జనాభా ఉన్న పట్టణాలకు ఒక సూత్రం ఉంది. జనాభాను వేలల్లో తీసుకొని, దాని వర్గమూలాన్ని వందతో గుణిస్తే రోజుకు అగ్నిమాపక అవసరానికి ఎన్ని కిలోలీటర్లు ఉంచాలో వస్తుంది. మీ పట్టణం లక్ష అనుకుంటే నూరుకు వర్గమూలం పది, అంటే వెయ్యి కిలోలీటర్లు, పది లక్షల లీటర్లు. రెండు లక్షలు దాటిన ఒంగోలుకు పద్నాలుగు లక్షల పైన, అయిదు లక్షల నెల్లూరుకు ఇరవై రెండు లక్షల పైన. ఇందులో మూడో వంతు సరఫరా ట్యాంకుల్లో ఉండాలి, మిగతాది ఊళ్లో అక్కడక్కడ నిలవ తొట్లలో ఉండాలి. మీ పట్టణంలో ఆ మూడో వంతు, అంటే మూడు లక్షల ముప్పై వేల లీటర్లు, ఏ ట్యాంకులో ఉన్నాయని అడగండి. ఇది అడిగే పౌరుడు నా ఉద్యోగ కాలంలో ఒక్కరూ తగల్లేదు.

ఆచరణలో తేలికైన మార్గం ఒకటి చెబుతాను. ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు కింద, కంచె బయటికి అందేలా, గొట్టం తగిలించే 63 మిల్లీమీటర్ల కప్లింగుతో ఒక అవుట్‌లెట్, దానికి ఒక వాల్వు పెట్టించాలి. పెద్ద భవనాల ట్యాంకుల్లో చేసినట్టే, ఇళ్లకు పోయే పైపు నోటిని ట్యాంకు అడుగు నుంచి కొంత ఎత్తులోనూ, అగ్నిమాపక అవుట్‌లెట్ నోటిని అడుగునా ఉంచితే, సరఫరా ఆగిన తర్వాత కూడా అడుగున కొంత నీరు మిగులుతుంది. కొత్త ట్యాంకు కట్టేటప్పుడు ఇది పెద్ద ఖర్చు కాదు. వీధి వీధినా పది చచ్చిన హైడ్రంట్ల కన్నా, ఊళ్లో నాలుగు దిక్కులా ఇటువంటి నాలుగు నింపుడు చోట్లు ఉంటే నేను ఎక్కువ ధైర్యంగా బండి ఎక్కేవాణ్ని.

చెరువులు, కాలువలు కూడా ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఒంగోలులో రంగరాయుడు చెరువు, నెల్లూరులో స్వర్ణాల చెరువు, సర్వేపల్లి కాలువ. కానీ పంపు నీటిని పీల్చగల లోతుకు హద్దు ఉంది. సిద్ధాంతం పది మీటర్లు అంటుంది, పనిలో ఏడు మీటర్లు దాటితే కష్టం. రోహిణి కార్తె నాటికి నీటి మట్టం దిగిపోయి, కట్ట మీద బండి ఆగే చోటు నుంచి నీరు దూరమైపోతుంది. గుర్రపు డెక్క అల్లుకుంటే సక్షన్ గొట్టం జల్లెడ నిమిషాల్లో మూసుకుపోతుంది. అందుకే బండి నిలిచేంత గట్టి నేల, దిగువన కొంచెం తవ్విన గుంట, ఈ రెండూ ఉన్న చోటును ముందే గుర్తించి పెట్టుకోవాలి. కోస్తా వైపు రొయ్యల చెరువుల నీటితోనూ మేము మంటలు ఆర్పాం. ఆ తర్వాత పంపును మంచినీటితో కడగకపోతే ఉప్పు దాన్ని తినేస్తుంది.

ఇప్పుడు మీ దుకాణం ముందున్న దాని దగ్గరికి వద్దాం. మీరుగా దాన్ని తిప్పవద్దు. ముందు ఒక ఫోటో తీయండి, ముఖ్యంగా నోటిది. లోపల మర చుట్లు కనిపిస్తున్నాయా, లేక గొట్టాన్ని నెట్టగానే పట్టుకునే రకం కప్లింగా అన్నది తెలియాలి. పాత మర రకమైతే బండిలోని గొట్టానికి నేరుగా కుదరదు, మధ్యలో అడాప్టరు కావాలి. మావాళ్లు ఆ రాత్రి దాన్ని వదిలేయడానికి ఇదీ ఒక కారణం అయి ఉండవచ్చు. తర్వాత గుడి గోడ మూల, కరెంటు స్తంభం వంటి కదలని రెండు గుర్తుల నుంచి హైడ్రంటుకూ, దాని వాల్వు గుంటకూ దూరం కొలిచి రాసిపెట్టండి. సిమెంటు రోడ్డు వేసినప్పుడు వాల్వు గుంట దాని కింద పూడిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. రెండు కొలతలు కాగితం మీద ఉంటే ఎక్కడ పగలగొట్టాలో తెలుస్తుంది.

ఆ కాగితంతో ఒకే అర్జీని రెండు ప్రతులు రాసి, ఒకటి పురపాలక కమిషనరుకు, ఒకటి స్టేషన్ ఫైర్ ఆఫీసరుకు ఇవ్వండి. ప్రతి దాంట్లోనూ రెండోది ఎవరికి ఇచ్చారో రాయండి. బాగుచేయమని కాకుండా, ఇద్దరూ ఒకే రోజు వచ్చి మీ ఎదుట తెరిచి చూపించమని కోరండి. బాగుచేయడానికి అంచనాలు, మంజూర్లు కావాలి, ఏళ్లు పడుతుంది. తెరిచి చూడడానికి ఒక ఫిట్టరు, ఒక తాళంచెవి, ఒక గంట చాలు. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రెండు ప్రతుల రసీదులతో ఇవ్వండి. పట్టణంలో హైడ్రంట్ల జాబితా, ఒక్కొక్కటి చివరిగా తెరిచిన తేదీ కావాలని సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. తేదీలు లేవన్న జవాబు వచ్చినా అది మీ చేతికి వచ్చిన బలమైన కాగితమే.

తెరిచే రోజు నీళ్లు వదిలే వేళనే ఎంచుకోండి. వాల్వును మెల్లగా, చుట్టుచుట్టూ లెక్కపెడుతూ తిప్పమని చెప్పండి. ఆత్రంగా తెరిచినా, మూసినా నీటి దెబ్బకు పాత పైపు ఎక్కడో పగులుతుంది, ఆ నింద హైడ్రంటు మీద పడి మళ్లీ ఎవరూ ముట్టుకోరు. మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుంటే, వచ్చే ఏడు తక్కువ తిరిగితే లోపల అడ్డు ఉన్నట్టు తెలిసిపోతుంది. మొదట ఎర్రటి నీరు వస్తుంది, తేటపడే దాకా పోనివ్వాలి. ఎండాకాలం నీళ్లకు కటకటలాడే వీధిలో ఇలా పారబోస్తే జనం బాధపడతారు, అది న్యాయమే. అందుకని సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక ఒకసారి చేయడం మంచిది. తేటపడ్డాక వచ్చే నీటిని ట్యాంకరులోకి పట్టి చెట్లకు పోయవచ్చు.

కొలవడానికి మీటరు అక్కరలేదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము, ఫోనులోని గడియారం చాలు. 24 సెకన్లలో నిండితే నిమిషానికి 500 లీటర్లు. నిమిషం పడితే 200. రెండు నిమిషాలు దాటితే ఆ హైడ్రంటును జాబితా నుంచి తీసేసి, బండి డ్రైవరుకు ఆ సంగతి చెప్పాలి. లేని నీటిని ఉందని నమ్మించడం కన్నా ప్రమాదం లేదు. మూసిన తర్వాత స్పిండిల్‌కు గ్రీజు, దాని చుట్టూ నీరు కారకుండా ఆపే బిగింపు, గ్లాండు, కారుతుంటే అందులో కొత్త తాడు, నోట్లో కొత్త రబ్బరు వాషరు, మూతకు గొలుసు. ఇత్తడి మూతలు పాత సామాన్ల వాళ్లకు చేరతాయని వాటిని తీసి స్టోరులో దాచిన చోట్లు నేను చూశాను. అలా దాస్తే నోట్లో వీధి చెత్తంతా చేరుతుంది. పోయినా ఫరవాలేని ఇనుప మూత పెట్టించడం మేలు.

మీ వంతుగా ఒక మాట. ఆ హైడ్రంటుకు ఆనుకొని బండ్లు నిలపకుండా, దాని మీద దారాలు, ఫ్లెక్సీలు కట్టకుండా చూడండి. పండగ రోజుల్లో దుకాణం సరుకు దాని చుట్టూ పేర్చకండి. ఇంకొకటి, మీ ఊళ్లో పదవీ విరమణ చేసిన పాత వాల్వ్‌మన్ ఎవరైనా ఉంటే వెతికి, టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఏ వీధిలో ఏ వాల్వు ఎక్కడుందో ఆయన చెప్పింది రాయించి పెట్టండి. ఆ పెద్దాయన తలలో ఉన్న పటం కాగితం మీద ఎక్కడా ఉండదు, కంప్యూటర్లోనూ ఉండదు. గోదాము రాత్రి మాకు లేనిది అదే.

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడ మంటలను ఆర్పుతూ చనిపోయిన సిబ్బంది జ్ఞాపకార్థం అవి. ఆ వారం స్టేషన్ సిబ్బంది బజార్లలోకి వచ్చి ప్రదర్శనలు ఇస్తారు. మీ వీధికి వచ్చినప్పుడు ప్రదర్శన ఈ హైడ్రంటు నీళ్లతోనే చేయమని అడగండి. ఈలోగా నోటి ఫోటో, వాల్వు గుంట కొలతలు, డ్రమ్ము నిండిన సెకన్లు రాయండి. కప్లింగు ఏ రకమో, ఏ అడాప్టరు కావాలో చూసి చెబుతాను.